కొలువులో ప్యాటన్ టాంకు

"ఆడవాళ్ళకి యుద్ధటాంకు దేనికమ్మా?" అన్నాడు బేగంబజార్లో సన్నతీగ అమ్మే పెద్దాయన. పూసలు గుచ్చుకుంటానంటే అడిగేవాడా?

ముప్ఫయి అయిదో వంతు కొలతలో ప్యాటన్ చేస్తున్నానండీ. జానెడుంటుంది. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్ళు చెరకుతోటల్లోకి నీళ్ళు వదిలితే దిగబడిపోయినవి ఇవే. మా నాన్న కళ్ళారా చూశారు. గెలిచిన సంగతి ఎన్నిసార్లయినా చెప్పేవారు. లోపలున్న నలుగురూ ఏమయ్యారంటే మాత్రం లేచి వెళ్ళిపోయేవారు.

బజారు బొమ్మ టాంకులు నిగనిగలాడతాయి, లోపల మనిషుండడు. అంతకంటే అబద్ధం ఉందా? నేను గొలుసుపట్టాలకి బురద పూశాను, మూత తెరిచి బొటనవేలంత మనిషిని నిలబెట్టాను. దసరాకి బొమ్మలకొలువులో పెడతాను.

"వాడు శత్రువు కదే!" అంది అత్తయ్య.

అవును, వాణ్ణే. పేరంటానికొచ్చిన పిల్లలు వాడెవడని అడగాలి.