ఎండయు, మంగుయు



సూర్యుని పత్నియగు సంజ్ఞాదేవి భర్త తేజమునకు తాళజాలక, తనకు మాఱుగా ఛాయను నిలిపి పుట్టినింటికేగెనని పురాణములు చెప్పుచున్నవి. సూర్యుని యిల్లాలికే నీడ యవసరమైనపుడు, కోనసీమ చేలలో ఊడ్పులు ఊడ్చు స్త్రీలకును, డాబాపై వడియములు పెట్టు గృహిణులకును దాని యవసరము వేఱుగ చెప్పవలయునా?

ఎండలో కంటికి కానరాని కిరణములు గలవు. వీనిని 1801లో రిట్టరను జర్మను పండితుడు కనుగొనెను. ఇందు ఒక తెగ చర్మమును కమలజేయును. రెండవ తెగ మబ్బులను, కిటికీ యద్దములను సైతము దాటివచ్చి లోతునకు చొచ్చి ముడుతలు తెచ్చును. మన చామనచాయ కొంత రక్షణమే. అయినను మంగు మనవంటి చాయవారికే యెక్కువగ వచ్చును. గర్భిణీదశలో పుట్టు మంగును ఎండ ముదురజేయును.

ఇక్కడనే ప్రమాదమున్నది. ఇరుగుపొరుగువారి మాటలకు సిగ్గుపడి, మంగు పోగొట్టునని పేరొందిన గొట్టమునొకదానిని తెచ్చి నెలల తరబడి పూయువారు కలరు. అట్టివానిలో స్టెరాయిడు కలిసినవి యున్నవి. మొదట ముఖము తెల్లబడును. పిదప చర్మము పలుచనై, ఎఱ్ఱబడి, మొటిమలును వెండ్రుకలును మొలచును. మానినంతనే మంగు మఱల వచ్చును. వైద్యుని చీటి లేనిదే ఇట్టి లేపముల నమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము నియమించినది. కావున పొరుగింటి గొట్టమును ఎరువు తెచ్చుకొనకుడు.

ఎండను ఆపు సన్‌స్క్రీను లేపము వేఱు. దాని పెట్టెపై ఎస్.పి.ఎఫ్. అను నక్షరముల ప్రక్క 30 ఉన్న, కమలజేయు కిరణములలో నూటికి 97 పాళ్లును, 50 ఉన్న 98 పాళ్లును ఆగును. కనుక 30 చాలును. ఎక్కువ వెల పెట్టనక్కఱలేదు. పి.ఏ. ప్రక్క కూడిక గుర్తులు మూడైన నుండవలయును. అవి రెండవ తెగ కిరణములకు గుర్తు. రెండు వ్రేళ్ల పొడవున తీసి ముఖమునకును మెడకును పూసి, రెండు గంటలకొకసారి మఱల పూయవలయును. చెమటకు అది తుడిచిపోవును. జింకు ఆక్సైడు గలది గర్భిణులకును తగును. మంగు గలవారికి ఇనుప ఆక్సైడు కలిసిన రంగులేపము మేలు.

మన కొబ్బరినూనె చర్మమునకు మెత్తదనము నిచ్చును గాని ఎండకు డాలు కాజాలదు, పసుపును అంతియే.

లేపము కొనలేనివారు చింతింపనేల? మన నీడ మనకంటె పొట్టిగానున్న వేళ ఎండ తీవ్రమని తెలిసికొని పని ఉదయముననో సాయంకాలముననో ఉంచుకొనవలయును. తప్పనపుడు వెడల్పు అంచుగల టోపీయో, తలగుడ్డయో, మోచేతులు దాటిన నేతరవికయో శ్రేష్ఠము. పొలము పనికి కూలివారిని పిలుచు ఆసాములు మిట్టమధ్యాహ్నము వారికి నీడను విశ్రాంతిని ఇచ్చుట ధర్మము.

తెలుపు కొఱకు కాదు, ఆరోగ్యము కొఱకే ఈ జాగ్రత్త. మంగు దోషము కాదు, సిగ్గుపడదగినదియు కాదు. కొత్త మచ్చ పెరుగుచున్నను, పుండు మానకున్నను, దానిని కొంగుచాటున దాచక వైద్యునకు చూపుడు.