నొప్పి లేనప్పుడే పళ్ళు చూపించుకోవాలి

విద్యార్థులారా! మీలో ఎంతమంది పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళారు? వెళ్ళినవారిలో ఎంతమంది పన్ను నొప్పి లేకుండా వెళ్ళారు? ఈ రెండో ప్రశ్నకు చెయ్యెత్తేవారు తరగతికి ఒకరుంటే గొప్పే! పన్ను సలిపితే లవంగం నొక్కిపెట్టడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, అప్పటికీ తగ్గకపోతే పీకించుకోవడం - మనకు తెలిసిన దంతవైద్యం ఇంతే. "నొప్పి లేనప్పుడు డాక్టరుతో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. అసలు పని అప్పుడే ఉన్నదని నా అభిప్రాయం.

పన్ను పైపొరను ఎనామెల్ అంటారు. మన శరీరంలో ఇంతకంటె గట్టి పదార్థం మరొకటి లేదు. కాని ఇందులో జీవకణాలూ లేవు, నాడులూ లేవు. చర్మం గీసుకుపోతే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామెల్‌లో గుంట పడితే మాత్రం అది తనంతట తాను పూడదు. నోటిలోని బాక్టీరియా మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నోటిలో పి.హెచ్. విలువ 5.5 కంటె తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుందని పదో తరగతిలో చదువుతారు గదా! మొదట కనిపించేది ఒక తెల్లని మచ్చ. ఈ దశలో ఫ్లోరైడుతోను, తీపి తగ్గించడంతోను దానిని ఆపవచ్చు. తరువాత గుంట పడి, లోపలి డెంటిన్‌ను తొలుచుకుంటూ పోతుంది. నాడులున్న పల్ప్‌ను చేరినప్పుడు గాని అసలైన పోటు రాదు. అంటే, నొప్పి అనేది జబ్బు మొదలైందని చెప్పే గంట కాదు, చాలా దూరం పోయిందని చెప్పే గంట. చిగుళ్ళ వ్యాధి ఇంకా గుట్టుగా నడుస్తుంది. పాచి గట్టిపడి గార అవుతుంది, చిగురు పన్నును వదిలేస్తుంది, పన్ను కదులుతుంది. ఇంత జరిగినా చాలామందికి నొప్పే ఉండదు.

ఈ పరీక్ష ఏ వయసులో అవసరం? అన్ని వయసుల్లోను. పసిబిడ్డకు ఆరు నెలల ప్రాంతంలో మొదటి పాలపన్ను వస్తుంది. పాలపళ్ళు 20. "ఎలాగూ ఊడేవే గదా" అని వాటిని అశ్రద్ధ చేయరాదు, శాశ్వత దంతాలకు చోటు కాపాడేవి అవే. ఆరేళ్ళకు అన్నిటికంటె వెనుకగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి ఇంట్లోవారు దానినీ పాలపన్నే అనుకుంటారు. పిప్పి పట్టినా ఊరుకుంటారు. నిజానికి అది జీవితాంతం ఉండవలసిన పన్ను! గర్భిణులకు హార్మోనుల మార్పు వల్ల చిగుళ్ళు వాచి రక్తం కారవచ్చు. మధుమేహం ఉన్న పెద్దలకు చిగుళ్ళ వ్యాధి ఎక్కువ, చిగుళ్ళు బాగుండకపోతే మధుమేహమూ అదుపులోకి రావడం కష్టం. పళ్ళన్నీ ఊడిన అవ్వకు కూడా పరీక్ష కావాలి. ఎందుకంటే డాక్టరు చూసేది పళ్ళను మాత్రమే కాదు. నాలుక, బుగ్గలు, అంగిలి కూడా చూస్తాడు.

ఈ చివరి మాటకు మన ప్రాంతమే సాక్ష్యం. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లోను, ఏజెన్సీ కొండల్లోను చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉన్నది. అదే అడ్డపొగ. ఇది ఆడవారిలోనే ఎక్కువ. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో మరెక్కడా అంతగా కనిపించని అంగిలి కాన్సరు ఇక్కడ కనిపించడానికి కారణం ఇదే. డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్ మెహతా తదితరులు మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించి, అంగిలి మీది మార్పులను 1971లో లోకానికి వివరించారు. ఆ మచ్చలు చాలావరకు నొప్పి పెట్టవు. అద్దంలో తేలికగా కనబడవు. చూసే కన్ను ఉన్నవాడు చూడాలి. అడ్డపొగ మానితే తొలి దశలోని మచ్చలు చాలావరకు తగ్గుతాయి. చూడకుండా వదిలిన మచ్చ పుండై, కాన్సరై, ప్రాణం మీదికి తేవచ్చు.

"మా తాతకు ఎనభై ఏళ్ళు, చెరుకు నమిలేవాడు. ఏ డాక్టరుకు చూపించాడు?" అనేవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. ఆ తాత తిన్నది చోడంబలి, సామన్నం. ఆయన కాలంలో సంతలో చాక్లెట్లు, బిస్కట్లు, సీసాలలో తీపి నీళ్ళు లేవు. తిండి మారింది, పళ్ళు మాత్రం మారలేదు. వేపపుల్ల, కానుగపుల్ల మంచివే. కాని ఏ పుల్లా పళ్ళ సందుల్లోని పిప్పిని కనిపెట్టలేదు.

ఇంతకంటె బలమైన అభ్యంతరం మరొకటి ఉన్నది. కొండమీది గూడెం నుంచి అరకుకో పాడేరుకో దిగిరావడానికే ఒక రోజు కూలి పోతుంది. విశాఖ పోవాలంటే అరకు నుంచి సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. నొప్పి లేని పంటి కోసం ఇంత ఖర్చు పెట్టమని ఏ తల్లితోనైనా ఎలా చెప్పగలం? అందుచేత తప్పు గూడెం వారిది అనడం అన్యాయం. రోగి డాక్టరు దగ్గరకు రాలేనిచోట డాక్టరే రోగి దగ్గరకు వెళ్ళాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ళ లోపు పిల్లలలో చూడవలసిన 30 సమస్యలలో పళ్ళ జబ్బులను కూడా చేర్చింది. ఆ పరీక్ష ప్రతి ఆశ్రమ పాఠశాలలో ప్రతి ఏడూ జరగాలి, పిప్పి కనబడితే చికిత్స దాకా సాగాలి. వారపు సంతకు కొండలన్నీ దిగివస్తాయి. అక్కడే పెద్దల నోళ్ళు చూసే ఏర్పాటు ఉండాలి. బడీ, సంతా ఈ రెండూ చాలు.

ఎన్నాళ్ళకొకసారి? ఆరు నెలలకొకసారి అన్నది వాడుక. 2004లో ఇంగ్లండు వైద్య నిపుణులు అందరికీ ఒకే గడువు వద్దన్నారు. 18 ఏళ్ళ లోపువారికి ఏడాది దాటరాదు; ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రెండేళ్ళ దాకా ఫరవాలేదు; జబ్బు ముప్పు ఉన్నవారికి మూడు నెలలకే కావచ్చు. మన కొండలకు ఇది తగిన సలహా. పిల్లలకు ఏడాదికొకసారి, అడ్డపొగ తాగేవారికి ఇంకా తరచుగా చూడాలి.

మీ వంతు పని కూడా ఉన్నది. ఈసారి మీ బడికి వైద్య బృందం వస్తే, "మా పళ్ళు కూడా చూడండి" అని అడగండి. ఇంటికి వెళ్ళినప్పుడు మీ తమ్ముడి ఆరేళ్ళ పన్ను ఏదో వాడికి చూపించండి. మీ అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంటే వెక్కిరించకండి, మందలించకండి. పక్కన కూర్చుని, "ఒక్కసారి నోరు తెరు అవ్వా, డాక్టరుకు చూపిద్దాం" అని బతిమాలండి. మనుమడి మాట కాదనే అవ్వ ఈ కొండల్లో ఇంకా పుట్టలేదు!