మొగిలయ్యకు దక్కనిది

పస్తం మొగిలయ్య గారు 2024 డిసెంబరు 19న వరంగల్లులో కన్నుమూశారు. పత్రికలు 'బలగం మొగిలయ్య' అని వ్రాశాయి. ఇంటిపేరు పోయి సినిమా పేరు చేరింది!

ఆయనది మా జిల్లాలోని దుగ్గొండి. బుడగ జంగాల కుటుంబం. భార్య కొమురమ్మ గారితో కలిసి ఊరూరా శారద కథలు చెప్పి బ్రతికారు. 2023 మార్చిలో వచ్చిన వేణు యెల్దండి చిత్రం 'బలగం' చివర, పోయినవాని కర్మ నాడు ఆ దంపతులు పాడే పాట ఉంది. ఊళ్ళలో తెరలు కట్టి ఆ చిత్రం ప్రదర్శిస్తే జనం గుంపులుగా కూర్చుని కన్నీరు పెట్టారు. పేరు వచ్చిన కొద్దికాలానికే ఆయనకు మూత్రపిండాలు చెడిపోయాయన్న వార్త కూడా వచ్చింది. ప్రభుత్వమూ, సినీరంగంలో కొందరూ చికిత్సకు సాయపడ్డారు. అయినా ఆ పాట తరువాత ఆయనకు మిగిలినది రెండేళ్ళకు లోపే.

సినిమా ఒక మరుగునపడిన కళాకారుణ్ణి వెలికితీసిందని అందరూ అంటున్నారు. నేను అంగీకరించలేను. ఆయన ఎక్కడ దాగి ఉన్నారని? పాడినదంతా మన వాకిళ్ళలోనే కదా! వేదికపై పాడితే దానిని పారితోషికం అంటాం. వాకిట పాడితే బిచ్చం అంటాం. గొంతు ఒకటే, మాట మారింది. ఆ మాటే ఆయన బ్రతుకును ఎదగనీయలేదు.

పాల్కురికి సోమనాథుని జాను తెనుగును, ద్విపదను తెలుగు పండితులమందరం ఉత్సాహంగా బోధిస్తాం. పాఠ్యపుస్తకాలలో జానపద కళలపై వ్యాసాలూ ఉంటాయి. ఆ కళ నోటికి వచ్చిన మనిషికి మాత్రం బడిలో కుర్చీ ఉండదు.

ఇటువంటి కళ పేదరికంలోనే స్వచ్ఛంగా నిలుస్తుందని వాదించే రసికులున్నారు. ఆకలి వల్ల శ్రుతి కుదరదు మహాశయులారా! ఆ మాట కడుపు నిండినవారికే సుఖంగా ఉంటుంది.

సినిమాలో ఆయన పాటకు దొరికినవి కొద్ది నిమిషాలు. కథ అయితే రాత్రంతా సాగుతుంది. అటువంటి కథలు తెలిసిన వృద్ధులు మీ ఊళ్ళలోనూ ఉంటారు. మిత్రులారా, ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు వారిని కూర్చోబెట్టి, కథ మొదటినుండి చివరిదాకా చెప్పించి, ఫోనులోనైనా రికార్డు చేయండి. వారి పేరూ, ఊరూ తప్పక వ్రాయండి. పారితోషికం ముందే చేతికివ్వండి; చేటలో పోయకండి.