విరహగానం: శోకమా, రసమా?

విషాదగీతాలు తమోగుణవర్ధకాలని, సాధకుడు వాటిని వర్జించాలని కొందరి మతం. ఈ నిషేధం తొందరపాటుది. అమెరికన్ గాయకుడు బెక్ 2002లో వెలువరించిన ‘సీ చేంజ్’ అనే రాక్ ఆల్బమ్‌నే పరిశీలించవచ్చు. దీర్ఘకాల ప్రణయం భగ్నమైన పిమ్మట పుట్టిన పాటలవి. చమత్కారానికి, వ్యంగ్యానికి పేరుపడిన గాయకుడు ఇక్కడ రెండింటినీ విడిచిపెట్టాడు. గిటారు మందగతిలో సాగుతుంది. తండ్రి డేవిడ్ క్యాంప్‌బెల్ కూర్చిన తంత్రీవాద్యాలు కొన్ని పాటల్లో ఆ గొంతును అలలా ముంచెత్తుతాయి.

భరతముని విప్రలంభాన్ని సాపేక్షమని, కరుణను నిరపేక్షమని విభజించాడు. పునస్సమాగమంపై ఆశ మిగిలితే మొదటిది. అది అడుగంటితే రెండవది. ప్రియురాలు జీవించే ఉన్నా ఈ ఆల్బమ్ కరుణ వైపే ఒరుగుతుంది. (కరుణకు మరణమే కావాలనే ఆలంకారికులు దీనికి అంగీకరించరు.)

మరి శ్రోత? భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం సిద్ధిస్తే ఆ దుఃఖం బెక్‌ది కాదు, శ్రోతదీ కాదు; ఆస్వాద్యమైన రసం. అట్లుగాక, తనను విడిచిపోయినవారి ముఖాన్ని ప్రతి పాటకూ తగిలించుకొని అర్ధరాత్రి దాకా అదే వినేవాడు తన గాయాన్నే ఆస్వాదిస్తున్నాడు. విషయధ్యానం నుండి సంగం, సంగం నుండి కామం పుడతాయని గీత చెప్పిన క్రమం అక్కడే మొదలవుతుంది. దోషం పాటది కాదు, ధ్యానానిది.

నారదుడు పరమవిరహాసక్తిని భక్తిభేదాల్లో చేర్చాడు గనుక ఈ పాటలన్నీ దైవవిరహమే అనడమూ అసత్యమే. బెక్ వేదన ఒక స్త్రీ కోసం. దానికి కృష్ణుణ్ణి అంటగట్టనక్కరలేదు. చివరి పాట ముగిశాక చేయి జపమాలను అందుకుంటున్నదా, మళ్ళీ మొదటి పాట వైపే సాగుతున్నదా అన్నది సాధకుడు గమనించుకోవచ్చు.