వెలివాడకు జూడిత్ హెర్మన్‌తో ఏం పని?

మనసు మీద దెబ్బ – 11



ట్రామా, కౌన్సెలింగ్ అంటే మనవాళ్లే నవ్వుతారు. "అవి ఉన్నోళ్ల జబ్బులు అన్నా" అంటారు. అందుకే ఈ భాగంలో ఒక అమెరికన్ మానసిక వైద్యురాలి గురించి రాస్తున్నాను.

జూడిత్ హెర్మన్ 1970లలో మసాచుసెట్స్‌లో పని మొదలుపెట్టారు. కుటుంబంలోనే లైంగిక హింస పది లక్షల మందిలో ఒకరికి జరుగుతుందని అప్పటి ప్రామాణిక పాఠ్యపుస్తకంలో ఉండేది. ఆమె దగ్గరకొచ్చిన ఆడవాళ్లు చెప్పింది వేరు. ఆమె పుస్తకాన్ని పక్కనపెట్టి ఆడవాళ్లను నమ్మారు. తండ్రుల చేతిలో హింస పడ్డ కూతుళ్ల మీద 1981లో పుస్తకం తెచ్చారు. 1984లో కేంబ్రిడ్జ్ ఆసుపత్రిలో మేరీ హార్వీతో కలిసి హింసా బాధితుల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు.

1992లో 'ట్రామా అండ్ రికవరీ' వచ్చింది. ఒకసారి జరిగిన ప్రమాదం వేరు, తప్పించుకోలేని చోట ఏళ్ల తరబడి ఇంకో మనిషి కింద నలగడం వేరు అన్నారామె. ఈ రెండోదానిలో తన మీద, తోటి మనుషుల మీద నమ్మకమే విరిగిపోతుంది. దానికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఆ పేరు ఉంది. అంటే గుర్తింపుకు 30 ఏళ్లు.

ఆమె రాసింది కొట్టే మొగుళ్ల గురించి, జైళ్ల గురించి, హింస పడ్డ పిల్లల గురించి. కులానికి దాన్ని అన్వయిస్తున్నది నేను. తప్పించుకోలేని చోటు అంటే ఏంటో వాడలో పుట్టినోడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కోలుకోవడానికి మొదటి మెట్టు భద్రత అంటారు హెర్మన్. జరిగింది చెప్పుకోవడం, ఏడవడం, మళ్లీ మనుషుల్లో కలవడం ఆ తర్వాతే. మనం ఆగిపోయేది ఆ మొదటి మెట్టు దగ్గరే. కొట్టినోడి పొలానికే కూలికి పోవాలి. అవమానించిన గైడ్ సంతకమే థీసిస్‌కు కావాలి. అలాంటి పిల్లోడికి "ఊపిరి మీద ధ్యాస పెట్టు, మర్చిపో" అని చెప్పడం వైద్యం ఎట్లవుద్ది?

2023లో వచ్చిన 'ట్రూత్ అండ్ రిపేర్'లో, న్యాయం అంటే ఏంటని ఆమె బాధితులనే అడిగారు. జరిగింది నిజమని సమాజం ఒప్పుకోవాలి అన్నది వాళ్ల మాటల్లో ముఖ్యమైనది. ఇక చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న 8 మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. దక్కిన ఆ ఒక్క ఒప్పుకోలు కూడా పోయింది.

మానసిక వైద్యంలో కుల వివక్ష ఉండకూడదని 2017 చట్టం చెబుతోంది. అది చాలదు. అట్రాసిటీ కేసు పెట్టిన ప్రతి కుటుంబానికి తుది తీర్పు దాకా కౌన్సెలింగ్ ఉండాలి. యూనివర్సిటీ కౌన్సెలర్ తన నోటితో కులం అనే మాట ఎత్తగలగాలి. చూస్తూ ఊరుకున్న సవర్ణ మిత్రులారా, బాధితుడికి ధ్యానం నేర్పే ముందు మీరు చూసింది సాక్ష్యంగా చెప్పండి. వైద్యం అక్కడ మొదలవుద్ది.

(ఇంకా ఉంది)