గల్లీలో ఏనుగు

1591లో చార్మినార్ కట్టించిననాడు వీధులు గీసినవారి కళ్ళముందు గుర్రాలూ, పల్లకీలూ ఉండి ఉంటాయి. కారు ఊసే లేదు. ఇప్పుడు పెండ్లిళ్ళ రోజుల్లో లాడ్ బజారు చుట్టుపక్కల గల్లీలు చూడండి. ఏనుగంత కారు మలుపులో చిక్కుకొని ఉంటుంది. లోపల ఏడుగురు కూర్చునే చోట ఒక్క మనిషి!

పెద్ద కార్లను అసలు రానీయకూడదంటారా? పారిస్ నగరంవారు 2024 ఫిబ్రవరిలో ప్రజల ఓటు తీసుకున్నారు. బయటినుంచి వచ్చే బరువైన కారును నడిబొడ్డున నిలిపితే, ఆ అక్టోబరు నుంచి గంటకు 18 యూరోలు. అంతకు ముందుకన్న మూడింతలన్నమాట.

మనకూ కొలబద్ద లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి, ఇంజను చిన్నదై పొడవు 4 మీటర్లు దాటని కారుకు జి.ఎస్.టి. 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. కాని ఆ పన్ను కొన్ననాడు ఒక్కసారే. గల్లీలో చోటు ఆక్రమించడం మాత్రం రోజూనాయె!

పెద్ద కారునే తప్పుపట్టడం నాకిష్టం లేదు. అమ్మమ్మా, మనవలూ, పెండ్లి సామానూ ఒక్కసారే తరలవలసిన ఇంటికి రెండు చిన్న కార్లకన్న ఒక పెద్ద కారే నయం. వారిని దింపి వెళ్ళనివ్వండి. వీధిలో నిలిపి ఉంచితే మాత్రం పొడవును బట్టి రుసుము వసూలు చేయవలసిందే. ఆ డబ్బుతో గల్లీ బయట కార్లు నిలపడానికి చోటు చూపవచ్చు.

అర్ధరాత్రి ఎవరికో గుండెనొప్పి వస్తుంది. 108 బండి గల్లీ మొదట్లోనే ఆగిపోతుంది. అడ్డంగా నిలిచిన కారు ఎంత ఖరీదుదైతేనేం, ఆ ఇంటివారికి?