రూగరా, మార్లినా? అబిడ్స్ వెళ్లే ముందు ఒక్క నిమిషం

‘అన్నా, రూగర్ 10/22 బెటరా, మార్లిన్ మోడల్ 60 బెటరా?’ ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు పోల్చి బ్లాగులో రాసే నన్ను ఈ మధ్య ఇలాంటివి కూడా అడుగుతున్నారు. అడిగేది ఎక్కువగా బీటెక్ ఫైనలియర్, డిగ్రీ వాళ్లే. అమెరికా వాళ్ల వీడియోలన్నీ చూసి, ధర, బరువు, మ్యాగజైన్ అంటూ ఎక్సెల్ షీట్ కూడా కట్టేసి ఉంటారు. చివర్లో మాత్రం అసలు విషయం బయటపడుతుంది: ‘స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుంది కదా?’

ముందు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. రెండూ .22 ఎల్ఆర్ తూటా వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలుతుంది, తర్వాతది దానంతటదే ఛాంబర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మార్లిన్ 1960లో వచ్చింది, రూగర్ 1964లో. మార్లిన్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో వరసగా ఉంటాయి. రూగర్‌లో పది తూటాలు పట్టే గుండ్రటి మ్యాగజైన్, ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. రూగర్‌కు విడిభాగాలు లెక్కలేనన్ని దొరుకుతాయి. మార్లిన్‌కు చవకన్న పేరుంది. విచిత్రం ఏంటంటే, 2020లో రూగర్ కంపెనీ మార్లిన్ బ్రాండ్‌నే కొనేసింది. ఊరి బయట పొలంలో ఖాళీ డబ్బాలు కొట్టుకునే అమెరికా కుర్రాడైతే రూగర్ తీసుకో అంటాను. మీరైతే రెండూ వద్దు.

దీనికి కారణం ఆటలోనే ఉంది. ఒలింపిక్స్‌తో సహా ప్రపంచ పోటీలకు నిబంధనలు పెట్టేది ఐఎస్ఎస్ఎఫ్. మనవాళ్లు ఆడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గానీ, 50 మీటర్ల .22 రైఫిల్‌లో గానీ ప్రతి షాట్‌కూ చేత్తో ఒక్కొక్కటే లోడ్ చేయాలి. అంటే మీరు రాత్రుళ్లు కూర్చుని పోల్చిన గొట్టం, మ్యాగజైన్, రీలోడ్ స్పీడ్... వీటికి అక్కడ మార్కులే లేవు. సిలబస్‌లో లేని చాప్టర్‌ను బట్టీ పట్టినట్టన్నమాట. సెమీ ఆటోమేటిక్‌కు చోటున్న ఒలింపిక్ విభాగాలు లేకపోలేదు, కానీ అవి రైఫిల్‌వి కావు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ అలాంటిదే. మీ మనసు నిజంగా సెమీ ఆటోమేటిక్ మీదే ఉంటే చూడాల్సింది ఆ వైపు.

రెండో కారణం చట్టం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఉద్యోగం పోయేది ఇక్కడే.

.22 తుపాకీ ఏదైనా సరే, లైసెన్సు లేకుండా మీ దగ్గర ఉండకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్న వయసువాళ్లు శిక్షణ కోసం, పర్యవేక్షణలో మాత్రమే వాడొచ్చు. హైదరాబాద్‌లో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2016 ఆయుధాల నిబంధనలు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను మామూలు రైఫిళ్లతో కలపకుండా వేరే, మరింత కఠినమైన కేటగిరీలో పెట్టాయి. విదేశాల నుంచి తెప్పించుకునే వెసులుబాటు పోటీల్లో స్కోరు నిరూపించుకుని, జాతీయ రైఫిల్ సంఘం ఎన్ఆర్ఏఐ గుర్తింపు పొందిన షూటర్లకే. టెలిగ్రామ్‌లోనో, ‘తెలిసినవాళ్ల’ దగ్గరో చవగ్గా దొరుకుతుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2019 సవరణ తర్వాత శిక్షలు ఇంకా పెరిగాయి. శిక్ష దాకా వెళ్లక్కర్లేదు, ఎఫ్ఐఆర్ ఒక్కటి చాలు. ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి ప్రత్యేకంగా అడుగుతారు. రాస్తే ఒక బాధ, దాస్తే ఇంకా పెద్ద బాధ. నాలుగేళ్లు కోచింగ్ తీసుకుని తెచ్చుకున్న ర్యాంకును సరదా రైఫిల్ కోసం పణంగా పెట్టడం నాకైతే అర్థం కాదు.

మరి అబిడ్స్‌లో ఏం చూడాలి? ఆ పేటకు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసినవాడు. ఆ నిజాం పులుల వేటకు పేరుమోసినవాడు. ఆ వేట కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు విద్యార్థికి పనికొచ్చేది ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల (.177) బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, బిల్లు మాత్రం దగ్గర ఉంచుకోండి. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత దూరం కొడుతుంది?’ కాదు, ‘ఇది 10 మీటర్ల మ్యాచ్‌కు పనికొస్తుందా?’ అని. స్ప్రింగ్‌తో పనిచేసే చవక రైఫిల్‌కు, నాంపల్లి నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే తుపాకీకి పెద్ద తేడా ఉండదు. (డాబా మీద పావురాల జోలికి మాత్రం వెళ్లకండి, అది ఇంకో చట్టం.) మ్యాచ్ రైఫిల్ వేరే లోకం. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 60 షాట్లు, గంటా పావు సమయం. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే.

ఇక్కడా జంట ప్రశ్న తప్పదు: వాల్తర్ ఎల్‌జి400నా, ఫైన్‌వెర్క్‌బావ్ 800నా? రెండూ జర్మనీవే, రెండూ కంప్రెస్డ్ ఎయిర్‌వే, రెండింటి ధరా లక్షల్లోనే. నా అభిప్రాయం: మీ స్థాయికి ఈ రెండింటి మధ్య తేడా కాగితం మీదే. ఏది మీ భుజానికి, చెంపకు సరిగ్గా అమరుతుందో, మీ కోచ్ దేన్ని విప్పి బాగుచేయగలడో అదే మీది. మీరు ఎడమచేతి వాటమైతే ఆ మాట ముందే చెప్పండి, స్టాక్, గ్రిప్ మారతాయి.

ఇంకా నిజం చెప్పాలంటే, మొదటి ఏడాది అసలు కొనొద్దు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి రైఫిల్ కొంటే కోటా దానంతటదే వస్తుందనుకునే తల్లిదండ్రులున్నారు, వాళ్లకు మీరే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో ప్రతిభ గల క్రీడాకారులను 5 శాతం వరకు తీసుకోవచ్చు, షూటింగ్ ఆ జాబితాలో ఉంది. కానీ వాళ్లు చూసేది మీ దగ్గరున్న రైఫిల్‌ను కాదు. జాతీయ స్థాయిలో రాష్ట్రం తరఫునో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీ తరఫునో ఆడిన సర్టిఫికెట్‌ను. అది స్కోరుతో వస్తుంది, స్కోరు రేంజిలో గడిపిన గంటలతో వస్తుంది. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రేంజి ఉంది, నగరంలో అకాడమీలున్నాయి. క్లబ్ రైఫిల్‌తో నెలలు గడిపితే ఆట మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది.

డబ్బు అసలే లేదంటే ఎన్‌సీసీ ఉంది. అక్కడ .22 రైఫిల్ పట్టుకోవడానికి మీరు పైసా పెట్టక్కర్లేదు. పైగా ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే సైన్యంలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా దరఖాస్తు చేయొచ్చు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ. కోటా కోసం రైఫిల్ కొనే ఆలోచన కంటే ఇది ఎంతో గట్టి దారి. అయినా ఫైనలియర్‌లో గుర్తొస్తే లాభం లేదు, మొదటి ఏడాదే చేరాలి.

ఏడాది తర్వాత కూడా ఆట మీద మనసు నిలిచి, సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ చూడటానికి వెళ్తే, బ్యారెల్ కంటే ముందు ఎయిర్ సిలిండర్ చూడండి. దాని మీద తేదీ ముద్రించి ఉంటుంది, జర్మన్ కంపెనీలు పదేళ్ల వరకే వాడమంటాయి. ఆ తేదీ దాటిపోతే కొత్త సిలిండర్ ఖరీదు కనుక్కుని, అది ధరలో తగ్గించమని అడగండి.